ఇంటి కుక్కకు కడపటి వీడ్కోలు

గృహమున మనుష్యులు గతించినపుడు ఏమి చేయవలెనో, ఎన్ని దినములు చేయవలెనో, ఎవరెవరు వచ్చి పరామర్శింపవలెనో మన పెద్దలు చక్కగా ఏర్పఱచియున్నారు. దుఃఖమున మునిగినవారికి ఆ యేర్పాటులు ఊతకఱ్ఱ వంటివి. కాని పది పన్నెండేండ్లు మన గడపను కాచి, మన బిడ్డల వెంట నడచి, మన చేతి యన్నము తినిన కుక్క గతించినపుడు ఇట్టి యేర్పాటేదియు లేదు. కంట తడిపెట్టినచో “కుక్క కొఱకు ఏడ్చుటయా?” యని నవ్వువారు కలరు. నవ్వనివారును ఏమి పలుకవలెనో తెలియక ఊరకుందురు. దానికి మూడు పూటలు అన్నము పెట్టినది ఆ యింటి యిల్లాలు. దాని చప్పుడు లేని పెరటిలో మఱునాడు ఉదయమున కల్లాపి చల్లవలసినదియు ఆమెయే. అందుచేత ఈ విషయమును సోదరీమణులతోనే ముచ్చటింప దలచితిమి.

మన సామెతలలో కుక్కకు గౌరవము తక్కువ. తిట్టవలెనన్న కుక్క పేరే నోటికి వచ్చును. అయినను మనము పంచమవేదమని కొలుచు భారతము కుక్కతోడనే మొదలై కుక్కతోడనే ముగియుచున్నదని గ్రహించినవారు కొలదిమంది. ఆదిపర్వమున జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా, దేవశుని యగు సరమ కొడుకు ఆ చెంత తిరుగాడుచుండెను. అది హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైన చూడలేదు. అయినను జనమేజయుని తమ్ములు దానిని కొట్టిరి. తల్లి సరమ నిండుసభకు వచ్చి, ఏ తప్పును చేయని పసివానిని ఏల కొట్టితిరని అడిగినది. మాఱుపలుకలేని రాజకుటుంబమునకు, ఊహింపని భయము కలుగునని చెప్పి వెడలిపోయినది. ఒక కుక్కతల్లి ప్రశ్నకు రాజు ప్రత్యుత్తరము చెప్పలేకపోవుటతో అంతటి యితిహాసము నడక సాగించినది. ఆ సరమయే ఋగ్వేదమున, పణులు దాచిన గోవులను వెదకుటకై ఇంద్రుని దూతగా పోయినది.

ఇక మహాప్రస్థానిక పర్వము. ద్రౌపదియు, నలుగురు తమ్ములును త్రోవలో ఒక్కరొక్కరుగా పడిపోయిన పిమ్మట, ధర్మరాజు వెంట హస్తినాపురము నుండి వచ్చిన కుక్క ఒక్కటియే మిగిలినది. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనెను. నమ్మి వెంట వచ్చినదానిని విడుచుట మహాపాపమని ధర్మరాజు స్వర్గమునే వలదనెను. అప్పుడు ఆ శునకరూపమును విడిచి ధర్మదేవత నిలిచెను. తిక్కన సోమయాజి తెనిగించిన ఈ ఘట్టమును చిన్ననాట మా తండ్రిగారి చెంత చదువుకొన్నపుడు, అది ధర్మసూక్ష్మమును దెలుపు కథ యని మాత్రమే తలచియుంటిమి. ఒక ముసలి కుక్కను ఒడిలో నుంచుకొని రాత్రులు మేలుకొన్న తరువాత అది గృహిణులకు వ్రాసిన కథవలె తోచినది.

మనుష్యునకు కుక్కపైగల ఈ మమకారము నిన్న మొన్నటిది కాదు. జర్మనీ దేశమున బాన్ నగరము చెంతనున్న ఓబర్‌కాసెల్ అను చోట 1914వ సంవత్సరమున ఒక ప్రాచీన సమాధి బయల్పడెను. అది సుమారు 14,000 సంవత్సరముల నాటిది. అందొక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్కపిల్ల యెముకలు నుండెను. పిల్లకు ఏడు నెలల ప్రాయము. దాని దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అది ‘డిస్టెంపర్’ అను ఘోరమైన జ్వరముచే వారములకొలది బాధపడినదని 2018లో ప్రకటించిరి. నీరును ఆహారమును అందించుచు, శుభ్రపఱచుచు, వెచ్చగా నుంచువారు లేనిదే అంతకాలము అది బ్రతుకజాలదు. రోగముతోనున్న కుక్కపిల్ల వేటకు పనికిరాదు, కావలికిని పనికిరాదు. వ్యవసాయము ఎఱుగని యా కాలముననే, ఏ ప్రయోజనమును లేని ఒక ప్రాణికి పరిచర్య చేసినవారుండిరన్నమాట.

మన దేశమునను కాశ్మీరములోని బూర్జహోమ్ అను నవశిలాయుగపు గ్రామమున, మనుష్యుల సమాధులలో వారితోపాటు కుక్కలను గూడ పూడ్చిపెట్టియుండిరి. కన్నడ దేశమున మండ్య జిల్లాలోని ఆతకూరున క్రీ.శ. 949–50 ప్రాంతపు శాసనమొకటి కలదు. గంగరాజైన బూతుగుని సేవకుడు మణలేరుడు, యుద్ధమున తాను చూపిన శౌర్యమునకు బహుమానముగా, ‘కాళి’ యను వేటకుక్కను కోరుకొనెను. ఆ కాళి ఒక అడవిపందితో పోరాడి, దానిని చంపి, తానును చచ్చెను. దాని జ్ఞాపకార్థము ఱాయి నిలిపి, పూజకై భూమిని గూడ ఇచ్చిరి. వీరులకు శిలలెత్తించిన కాలమున ఒక కుక్కకును ఆ మర్యాద దక్కినది.

జపాను దేశపు ‘హాచికో’ కథ పలువురు వినియుందురు. 1923లో పుట్టిన ఆ కుక్క, టోక్యోలోని షిబుయా రైలుస్టేషనునకు తన యజమానుడగు ఆచార్య ఉయెనోగారి కొఱకు ప్రతిదినము ఎదురుపోవుచుండెడిది. 1925 మే నెలలో ఆయన విశ్వవిద్యాలయముననే హఠాత్తుగా కాలధర్మము నొందెను. ఆ పిమ్మట దాదాపు పదేండ్లు, 1935 మార్చి 8వ తేదీన తాను చచ్చువఱకు, హాచికో ఆ స్టేషనుకడకు వచ్చుచునేయుండెను. కుక్క మనకొఱకు వేచియుండుటకు ఆ కథ ప్రసిద్ధ నిదర్శనము. కాని లోకమున తఱచుగా జరుగునది వేఱొకటి. కుక్క ఆయువు మన యాయువులో ఆఱవవంతో ఏడవవంతో మాత్రమే. కావున అది మనకొఱకు వేచియుండుటకంటె ముందుగానే, మనమే దానిని సాగనంపవలసివచ్చును. కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకొన్న దినముననే ఆ ఋణమునకును మనము చేవ్రాలు చేసినట్లే.

మా యింటి కుక్క పేరు సరమ. పదుమూడేండ్ల క్రిందట ఒక శ్రావణమాసపు వానలో పాఠశాల వసారాలో వణకుచున్న నాటుపిల్లను మావారు రుమాలులో చుట్టి తెచ్చిరి. పేరును వారే పెట్టిరి. ఇరుగుపొరుగువారికి ఆ పేరు కొత్తదగుటచే ‘సరమ్మ’ యని పిలువసాగిరి. తుదకు అది రెండు పేర్లకును పలుకుచుండెను. మా అత్తగారు మడి, ఆచారము తప్పనివారు. వంటయింటి గడప దాటరాదని మొదటి దినముననే దానికి చెప్పిరి. మాటలు తెలియునో తెలియదో గాని, పదుమూడేండ్లలో ఒక్కమారైనను అది ఆ గడప దాటలేదు. ముందుకాళ్లు గడపకు ఆనించి, గడ్డము వానిపై నుంచి, మా అత్తగారు తరవాణి కుండ కడిగి మూతవేయువఱకు చూచుచుండెడిది. మావారి స్కూటరు వీధి మలుపు తిరుగకముందే లేచి నిలుచుండెడిది. ఒకనాడు పెరటి కట్టెల మాటున త్రాచుపాము చేరియుండగా, మా చిన్నవానిని ఆ వంకకు పోనీయక అడ్డముగా నిలిచి, పాములవాడు వచ్చునంతవఱకు మొఱుగుచునేయున్నది.

పన్నెండవ యేట దానికి దప్పిక హెచ్చినది. పెట్టిన నీళ్లగిన్నె ఖాళీయగుట, మాటిమాటికి మూత్రమునకు పోవుట, క్రమముగా చిక్కిపోవుట కనబడెను. పశువైద్యులు రక్తపరీక్ష చేసి, మూత్రపిండములు చెడుచున్నవని చెప్పిరి. ముసలి కుక్కలలో ఇది తఱచుగా కనబడు వ్యాధి. దీనికి పూర్తిగా కుదురుబాటు లేదు. చర్మము క్రింద సెలైను ఎక్కించుట, తగిన పథ్యము, వాంతులను ఆపు మందులు, వీనితో కొంతకాలము సుఖముగా నుంచవచ్చును. ఆ విధముగా మాకు ఏడు నెలలు లభించినవి.

ఇచట సోదరీమణులకు కొన్ని సంగతులు మనవిచేసెదము. కుక్కకు ఒక యేడు మనకు ఏడేండ్లతో సమానమని వాడుక కలదు గాని అది సరియైన లెక్క కాదు. కుక్క ఒకటి రెండేండ్లలోనే యౌవనమునకు వచ్చును. చిన్నజాతివి పదునాలుగు, పదునైదేండ్లు జీవించుట కలదు. మిక్కిలి పెద్దజాతులు ఎనిమిది, పదేండ్లకే వృద్ధత్వము పొందును. కన్నులు పొరగమ్ముట, చెవుడు, కీళ్లనొప్పులు, రాత్రులందు త్రోవతప్పినట్లు తిరుగుట, తెలిసిన మూలనే తెలియనట్లు నిలుచుట, ఇవి వార్ధక్యచిహ్నములు. నునుపైన గచ్చుపై కాళ్లు జాఱకుండ పాత గోనెయో దుప్పటియో పఱచుట, నీళ్లగిన్నెను పడక చెంతనే యుంచుట, అన్నమును మెత్తగా కలిపి కొద్దికొద్దిగా పలుమార్లు పెట్టుట, ఒకే ప్రక్కన పడియుండి పుండ్లు పడకుండ ప్రక్క మార్చుచుండుట, వీనిచే దాని దినములు సులభమగును.

మఱియొక హెచ్చరిక. మనము ఒంటినొప్పులకు వాడుకొను మాత్రలను కుక్కకు ఎన్నడును వేయరాదు. ఐబుప్రొఫెను, డైక్లోఫెనాక్ వంటివి కుక్కల కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండములను చెఱచును. పారాసెటమాలును ప్రమాదకరమే. మా యింటికి వచ్చిన పరిచితులొకరు “అరమాత్ర వేయరాదా?” యని జాలితోనే చెప్పిరి. జాలి మంచిదే గాని, మందు వైద్యుని చేతినుండియే రావలెను.

కుక్క తన నొప్పిని నోటితో చెప్పజాలదు. పైపెచ్చు దాచుకొనును. ఊరక రొప్పుట, వణకుట, ఒంటరిగా చీకటి మూలకు పోవుట, తాకనీయకుండుట, ఇష్టమైనదానిని సైతము వాసన చూచి మొగము త్రిప్పుకొనుట, లేవబోయి లేవలేక మన మొగము వంక చూచుట, ఇవన్నియు దాని మాటలే. వైద్యులు మాకొక సులభోపాయము చెప్పిరి. గోడకు వ్రేలాడు తెలుగు క్యాలెండరులో మంచి దినమునకు చుక్కయు, చెడు దినమునకు గీతయు పెట్టుమనిరి. తనంతట తాను తిన్నదా, లేచి నడచినదా, మనవారిని చూచి తోక ఆడించినదా, ఈ మూడు ప్రశ్నలకు ప్రతిరాత్రియు జవాబు వ్రాసుకొనుమనిరి. ప్రేమగలవారి కన్నులు ఆశచే మోసపోవును గాని క్యాలెండరు మోసపోదు. పుష్యమాసమున చుక్కలు విస్తారముగా నుండెను. మాఘమున చుక్కకొక గీత. మాఘబహుళమున వరుసగా ఎనిమిది దినములు గీతలే.

అప్పుడు వైద్యులు మెల్లగా మఱియొక మాట చెప్పిరి. నొప్పి లేకుండ, నిద్రబుచ్చి, ప్రాణము విడిపించు ఉపాయము కలదు. మీరు వలయునన్న చేసెదను, వలదన్న నొప్పి తగ్గించు మందులే యిచ్చుచుందును. నిర్ణయము మీదే యనిరి.

ఆ రాత్రి మా యింట ఎవరును సరిగా భుజింపలేదు. మావారు ఇరువదేండ్లుగా పిల్లలకు ధర్మరాజు కథ చెప్పువారు. “స్వర్గమే వచ్చినను కుక్కను విడువనన్నవాని కథ చెప్పి, మనమే దీనిని ముందుగా పంపివేయుటయా? ప్రాణము పోయువాడే తీయవలెను గాని మన చేయి ఏల?” యనిరి. ఆ మాటను త్రోసివేయుట సులభము కాదు. మన దేశమున ఈ యభిప్రాయము గలవారు అనేకులు, అందు పరమ దయాళువులును కలరు. మేమును చాలసేపు మిన్నకుంటిమి. పిమ్మట మాకు తోచినది చెప్పితిమి. ధర్మరాజు విడువనన్నది తోడును. కుక్కను ఒంటరిగా వదలి తాను సుఖమునకు పోనని యాతడనెను. ఆ ధర్మరాజే అరణ్యపర్వమున యక్షునకు ప్రత్యుత్తరమిచ్చుచు, ధర్మములలో మేటి యేదన్నచో ఆనృశంస్యమనెను. క్రూరత్వము లేకుండుట యని దాని యర్థము. ఎనిమిది గీతలు చూచియు, మన మనస్సు ఒప్పుకొనలేదను కారణముచే తొమ్మిదవ గీతకై వేచియుండుట ఆనృశంస్యమగునా? మనము దానిని విడుచుట లేదు, చివరి ఊపిరివఱకు చేయి దానిపైనే యుండును, అంటిమి.

మావారు జవాబు చెప్పలేదు. గోడ ప్రక్కన జపమాలతో కూర్చున్న మా అత్తగారు చెప్పిరి. “పదుమూడేండ్లు అది మన గడప కాచినది. ఇప్పుడు మనము దాని నొప్పిని కాచుచు కూర్చుంటిమి. ఇక చాలును నాయనా, పోనిండు” అనిరి. తరువాత లేచి, మడిబట్టతోనే, గిన్నెలో పెరుగన్నము మెత్తగా పిసికి తెచ్చి, వంటయింటి గడప ఇవతల దాని ముందు కూర్చుండిరి. రెండు మెతుకులు నాకినది. ఆ మీసములను కొంగుతో తుడిచి, మరల స్నానమునకు పోయిరి. సోదరీమణులారా, ఆచారమునకును దయకును పోరు వచ్చునని మనమనుకొందుము. ఆ రాత్రి రెండును ఒకే చేతిలో నుండుట చూచితిమి.

మఱునాటి సాయంకాలము వైద్యులు మా యింటికే వచ్చిరి. జరుగబోవునది ముందుగా తెలిసియున్నచో భయము సగము తగ్గును గనుక దాచక చెప్పెదము. మొదట మత్తుసూది యిచ్చెదరు. కొన్ని నిమిషములలో కుక్క గాఢనిద్ర పోవును. పిమ్మట నరములోనికి మత్తుమందును అధికప్రమాణమున ఎక్కింతురు. క్షణములలో స్మృతి తప్పి, శ్వాస నిలిచి, తరువాత గుండె యాగును. కన్నులు తెఱచియే యుండును. ప్రాణము పోయిన పిమ్మటను ఒకటి రెండు ఎగశ్వాసలు, కండరముల అదురు, మూత్రము జాఱుట కలుగవచ్చును. అది బాధ కాదు, దేహధర్మము. సరమ తల మా ఒడిలో నుండెను. మావారు దాని వీపు నిమురుచుండిరి. స్కూటరు తాళముచెవులు వారి జేబులో చప్పుడైనపుడు దాని చెవి యొకమారు కదలినది. తరువాత కదలలేదు.

ఈ పని యోగ్యుడైన వైద్యుడే చేయవలెను. విషము పెట్టుట గాని, చేతికందిన సూది పొడిపించుట గాని ఘోరపాపము, నేరమును. 1960వ సంవత్సరపు జంతుహింసా నిరోధక చట్టము, స్ట్రిక్నీనను విషముతో కుక్కలను చంపుటను పేరు పెట్టియే నిషేధించినది. ముసలిదయ్యెనని, రోగము వచ్చెనని, కుక్కను దూరపు త్రోవలో దించి, ఆకలిదప్పులకు వదలివేయుట గూడ ఆ చట్టమున శిక్షార్హమే. ఇట్టి చట్టము కావలెనని పార్లమెంటులో గళమెత్తిన వారిలో ముఖ్యురాలు నాట్యకళాకోవిదురాలగు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. 1962లో జంతుసంక్షేమ మండలి ఏర్పడినపుడు దానికి ఆమెయే అధ్యక్షురాలు. మూగజీవుల పక్షమున రాజ్యసభలో వాదించినది ఒక స్త్రీ యని మన బాలికలకు చెప్పదగును.

దేహమును పాఱవేయరాదు. సొంత పెరడు గలవారు బావికిని, నీటిగొట్టములకును దూరముగా, కనీసము నాలుగడుగుల లోతున గొయ్యి త్రవ్వించి పూడ్చవలెను. మత్తుమందుతో గతించినదైనచో ఆ మందు దేహమున నిలిచియుండును గనుక, నక్కలు, పక్షులు తోడి తినకుండ లోతుగా పూడ్చుట మఱింత ముఖ్యము. నగరములలో పెరడు లేనివారు పురపాలక సంఘమువారిని విచారింపవలెను. కొన్ని పట్టణములలో జంతువులకు దహనవాటికలు ఏర్పడియున్నవి. ఇంకొక మాట మఱువరాదు. కుక్క చచ్చుటకు ముందు కారణము లేక కఱచుట, చొంగకార్చుట, గొంతు మాఱుట, క్రిందిదవడ జాఱుట వంటి చిహ్నములు కనబడినచో అది పిచ్చికుక్క రోగము కావచ్చును. అపుడు దాని చొంగను గాని దేహమును గాని వట్టిచేతులతో తాకక, వెంటనే వైద్యులకు తెలుపవలెను. కాటుగాని గీఱుగాని తగిలినవారు సబ్బుతో పదునైదు నిమిషములు కడుగుకొని, ఆ దినముననే టీకా వేయించుకొనవలెను. లక్షణములు పుట్టిన పిదప ఆ రోగమునుండి బ్రతికినవారు మిక్కిలి అరుదు. ఇంటి కుక్కకు యేటేట టీకా వేయించుటయే అన్నిటికిని ముందటి మాట.

ఇక పిల్లల సంగతి. అనేక గృహములలో పిల్లలకు మరణమును మొదట పరిచయము చేయునది ఇంటి కుక్కయే. “నిద్రపోయినది” అని చెప్పుట మంచిది కాదు. చిన్నవారు తాము నిద్రపోవుటకే భయపడుదురు. “ఎక్కడికో పోయినది, వచ్చును” అన్నచో వాకిట ఎదురుచూచుచు కూర్చుందురు, నిజము తెలిసిననాడు మన మాటయందే నమ్మకము పోవును. మా చిన్నవానికి ఆఱేండ్లు. “దాని దేహము పనిచేయుట మానినది. ఇక దానికి నొప్పి లేదు, ఆకలి లేదు. తిరిగి రాదు” అని చెప్పితిమి. వాడు కొంతసేపు ఆలోచించి, “మరి నన్నెవరు బస్సుకడకు పంపుదురు?” అనెను. ఆ ప్రశ్నకు ఏ గ్రంథమునను సమాధానము లేదు. “వారమునకు వారము మేము వత్తుము” అంటిమి. గొయ్యి పూడ్చునపుడు వానిచేత గుప్పెడు మన్ను వేయించితిమి. వాడు తన గోలీలలో మంచిదొకటి అందులో వేసెను. మేము వారింపలేదు. పిల్లలు దుఃఖమును చేతులతో చేయుపనిగా గ్రహింతురు. బొమ్మ వేయుట, మొక్క నాటుట, ఫొటోను గోడకు తగిలించుట, ఇట్టి పనులను వారికి అప్పగించుట మేలు.

ఇంట ఇంకొక కుక్క యున్నచో దానిని గూడ గమనింపవలెను. 2022లో ప్రకటింపబడిన ఇటలీ దేశపు పరిశోధన యొకటి, తోడి కుక్క చచ్చిన పిమ్మట అధికసంఖ్యాకములగు కుక్కలు ఆటలు తగ్గించి, యజమానుల దాపునే యుండగోరునని, కొన్ని తిండి గూడ తగ్గించునని తెలిపినది. దానికి వేళ తప్పక అన్నము పెట్టుచు, వాడుకగా నడిపించుచు నుండవలెను. అట్లే ఒంటరిగా నుండు వృద్ధులయెడలను జాగ్రత్త వహింపవలెను. కొందఱు వితంతువులకు దినమున పలుకరించు ప్రాణి అదొక్కటియే. అది పోయిన యింటికి పోయి, “కుక్కయే కదా, ఇంకొకటి తెచ్చుకొనవచ్చును” అనుటకు బదులు, దాని పేరుపెట్టి రెండు మాటలు అడిగినచో చాలును. క్రొత్తపిల్లను ఎప్పుడు తెచ్చుకొనవలెనన్నది వారి మనస్సు చెప్పవలెను. పోయినదాని చోటు నింపుటకని తెచ్చిన పిల్ల, పాపము, ప్రతిదినము ఆ పోలికలో ఓడిపోవుచుండును. కొన్ని మాసములు కడచి, దానికొఱకే దానిని కోరుకొన్ననాడు తెచ్చుకొనుట న్యాయము.

కుక్కకు శ్రాద్ధవిధి లేదు. అయినను మన గృహస్థధర్మము దానిని మఱువలేదు. పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞమొకటి. వైశ్వదేవము చేసిన గృహస్థుడు కుక్కలకును, కాకులకును, క్రిమికీటకములకును అన్నము వేయవలెనని స్మృతులు విధించినవి. నేపాళ దేశమున దీపావళి దినములలో ఒకనాటిని కుక్కలకే కేటాయించి, ‘కుకుర్ తిహార్’ అను పేర, ఇంటి కుక్కకును వీధి కుక్కకును బొట్టుపెట్టి, బంతిపూలమాల వేసి, భక్ష్యములు పెట్టుదురు. మన తెలంగాణమున మల్లన్న వెంటను, భైరవుని చెంతను కుక్క యున్నది. దత్తాత్రేయుని పాదములకడనున్న నాలుగు కుక్కలు నాలుగు వేదములని పెద్దలందురు. సరమ గతించిన పదవనాడు మా అత్తగారు ఎవరితోను చెప్పక, వీధిలోని కుక్కలన్నిటికి పెరుగన్నము కలిపి విస్తరాకులలో పెట్టించిరి. ఇది ఏ శాస్త్రమున నున్నదని మావారు అడుగలేదు, వారే నీళ్లు తెచ్చి పెట్టిరి.

సోదరీమణులారా, మీ యింట ముసలి కుక్క యున్నచో నేడు దాని ప్రక్కన కొంతసేపు కూర్చుండుడు. దాని కన్నులు, పండ్లు, నడక గమనింపుడు. వైద్యునికి చూపింపుడు. కడపటి దినము ఎట్లుండవలెనో ఇంటివారందఱు ముందుగానే మాటలాడుకొనుడు. దుఃఖము మీదపడిన గడియలో ఆలోచన సాగదు. ప్రాణము విడిపించుటకు మనస్సు ఒప్పనివారు నొప్పి తగ్గించు మందులైనను తప్పక అడిగి యిప్పింపుడు. మార్గము ఏదైనను ఆ గడియలో దానిని ఒంటరిగా నుంచవలదు. వైద్యుని గదిలో విడిచి, చూడలేమని వెలుపలికి పోవువారు కలరు. వారి బాధ మాకు తెలియును. కాని ఆ క్షణమున అది ఎవరికొఱకు వెదకునో తలచుకొన్నచో కాళ్లు కదలవు. మనము ఏడ్చినను ఫరవాలేదు, చేయి మాత్రము దాని తలపై నుండవలెను.